పొగ సీసా

మా తమ్ముడు ఢిల్లేశు కాశీబుగ్గ పెద్ద కొట్లో తెచ్చాడు.
నల్లటి సాసు, మంటల్లో నిలబడ్డ ఎద్దు బొమ్మ.
ఎంతరా అంటే మూడొందల ఇరవై అన్నాడు.
ఆ అంకె వింటే నాకు పప్పే గుర్తొస్తుంది.
పౌనుకి అన్ని గింజలు తూగితే నడిమి రకం,
పెద్దోళ్ల డబ్బాల్లోకి పోదు, అలాగని మూలా పడుండదు.
పలాస బట్టీల్లో ముప్పయ్యేళ్లు అదే పని నాకు.
గుండు, బద్ద, ముక్క, నూక.
చెయ్యి తాకకముందే కన్ను చెప్పేసేది.

అందుకే ఆదివారం తీర్పుకి నన్నే కూర్చోబెట్టారు,
ముక్కాలి పీట మీద, పళ్లెంతో.

పెరట్లో మూడు ఇటుకలు, పైన పాత కిటికీ ఊచలు.
కింద జీడికొమ్మ నిప్పులు,
తిత్లీ తుపానుకి కూలిన చెట్టుది, ఇంకా అవలేదు.
మేక పక్కటెముకలు.
సగానికి నా నూరుడు, ఎండుమిరప, వెల్లుల్లి, చింతపండు గుజ్జు.
సగానికి సీసా.

మా మరదలు తవిటమ్మ సీసా తలకిందులు చేసి అడుగున కొట్టింది.
రాలేదు. రాలేదు.
వచ్చాక ఆగలేదు.
ఆ ఎద్దు ఏం చేసినట్టుందో నేను చెప్పను.

"ఎలగుందప్పా?" అంటాడు ఢిల్లేశు, నేనింకా ముట్టనే లేదు.
రంగు బాగుంది. అబద్ధమెందుకు,
కొత్త నల్లపూసల మెరుపు.
ఇందులో బెల్లంలాంటిదేదో ఉందిరా,
ముందే రాస్తే మాడుతుంది అన్నాను.
మాడింది.
రెండో వాయి దింపాక రాశారు.

నోట్లో పెట్టగానే తీపి,
పిలవని పేరంటానికి ముందే వచ్చి కూర్చున్నట్టు.
తర్వాత పులుపు, అది చింతపండు ఎరగని పులుపు.
కారం మాత్రం పలాస పాసింజరు,
వస్తుంది వస్తుందంటారు,
ఔటర్‌లోనే ఆగిపోయింది.

అన్నీ అయ్యాక, మింగాక,
గొంతు వెనక ఏదో.
ఇదేటి?
మేనకోడలు జోషిత సీసా తిప్పి చిన్న అక్షరాలు చదివింది.
"పొగ కలిపారంట అత్తా. పొగ రుచి."

పొగని డబ్బులిచ్చి కొన్నావేట్రా?

మా అమ్మ పిక్కలు కాల్చేది.
పెంకు నూనె చిటపటమని లేచి, పొగ తిరిగి తిరిగి
తలగడలోకి, చంటిదాని పాలలోకి, ఉగాది కోక మడతల్లోకి.
కుంకుడుకాయకీ పోలేదు, బూడిదకీ పోలేదు.
బస్సెక్కితే మా పక్క సీటు ఖాళీగా ఉండేది,
టెక్కలి దాకా కాళ్లు చాపుకుని పోయేవాళ్లం, జమీందార్లలాగ.
వేళ్లు కాలి కాలి గీతలు పోయాయి,
రేషను మిషను మూడుసార్లు అమ్మని లేదు పొమ్మంది.
ఆ పొగకి ఎవడూ అర్ధరూపాయి కట్టలేదు.

పళ్లెం వైపే చూస్తున్నారు అందరూ.
నేను రెండో ముక్క తీసుకున్నాను,
కోపంతో తీర్పు చెప్పకూడదు కదా.
నా నూరుడులో ఉప్పు ఎక్కువైంది. అదీ చెప్పాను.
తవిటమ్మకి ఆ మాట పండగ.
జోషిత ఎముక నాకుతోంది, చెంప మీద నల్ల మీసం,
దానికి ఎవరి తీర్పూ అక్కర్లేదు.

బద్ద, అన్నాను.
"అంటే పాసేనా అప్పా?"
గుండు కాదు, నూకా కాదు.
విరిగింది, పుచ్చలేదు.
బద్దకీ కొనేవాళ్లుంటార్రా, మిఠాయి కొట్ల వాళ్లు.
ఢిల్లేశు సగం నవ్వాడు,
మూడొందల ఇరవైలో సగం కాబోలు.

రాత్రి గిన్నెలు కడిగాక మూత తీసి మళ్లీ వాసన చూశాను.
ఏ చెట్టు కట్టె కాల్చారో సీసా మీద లేదట.
ఎవరు కాల్చారో అసలే లేదు.
వేలికి రాసుకుని నాకాను,
గీతల్లేని వేలికి సాసు నిలవదు, జారిపోతుంది.

మూత బిగించి ఫ్రిజ్ తలుపులో పెట్టాను,
మాగాయ సీసాకి
కొంచెం ఎడంగా.