ఆవం వేడి

సున్నపురాయిని కాలిస్తే
నూరు పాళ్లలో నలభై నాలుగు
కంటికి కనిపించకుండా లేచిపోతయి.
మిగిలిందే బస్తాల్లోకి.
మంచిర్యాల దాటినంక, లారీల దుమ్ము
చింతాకు మీద పెచ్చుకట్టిన చోట
పద్నాలుగేండ్ల సంది
రెండో షిఫ్టు ల్యాబులో కూర్చొని
ఈ లెక్క రాస్తున్న.

పోయిన ఆ పాళ్లు ఎవరివి?
ఇక్కడ ఎప్పుడో ఒక సముద్రం
ఊపిరి బిగబట్టి రాయిలో పడుకున్నది.
దాన్ని మేం
పద్నాలుగు వందల యాభై డిగ్రీల మీద లేపుతున్నం.
లేచింది ఊరికే పోతదా.

మొన్న కొత్త పాళం వచ్చింది.
క్లింకరు సగమే.
తతిమ్మా సగంల కాల్చిన బంకమట్టి,
కాల్చని సున్నపురాయి, ఇంత జిప్సం.
మట్టికి ఎంత సెగ కావాల్నని కాగితం తిప్పితే
ఎనిమిది వందలు.
అంతే.

నవ్వొచ్చింది నాకు.
అది మా నాయిన ఆవం వేడి.

కుమ్మరి ఓదేలుకు డిగ్రీలు తెల్వవు.
పిడకల సందుల కన్ను పెట్టి చూసేటోడు:
"మోదుగుపూ రంగు తేలిందా, చాలు.
తంగేడు రంగు దాకా పోనిస్తే కుండ కూలబడ్తది."
బిడ్డ చదివి మట్టిల నుంచి బయటపడ్డదని
వాడకట్టంత చెప్పుకున్నడు.
ఆ మట్టే ఇప్పుడు గేటుపాసు రాయించుకొని
నా బల్ల మీదికొచ్చి కూసున్నది.

కొమురెల్లి మేస్త్రి క్యూబులను కాలితో తట్టిండు.
"మట్టి కలిపిన సిమెంటా?
రేపు స్లాబు కూలితే
ఎవల ఇంటికి పోయి నిలబడాలె?"
అతనిది తప్పేం లేదు.
అతని తమ్ముడు ఒక స్లాబు కిందనే పోయిండు.

మూడో నాడు దిమ్మె వెనుకబడ్డది.
ఆ రాత్రి నాకు అన్నం పోలేదు.
ఏడో నాటికి పాతదాని పక్కకు వచ్చింది.
ఇరవై ఎనిమిదో నాడు
ప్రెస్సు కింద పెట్టి హ్యాండిలు తిప్పితే
ముల్లు పాత అంకె దగ్గర ఒక్క గడియ ఆగి
దాటిపోయింది.

పొగగొట్టం ఆగలేదు.
బొగ్గు రైలు ఇయ్యాల కూడా వచ్చింది.
మూడో వంతు తగ్గుతదట,
అదీ ఇంకా కాగితం మీదనే.
గోదారి మీది ఆకాశం
మా రిజిస్టరు చూసి రంగు మార్చుకోదు.

కొమురెల్లి ఏం అనలేదు.
పగిలిన దిమ్మె పెళ్లను చేతిలకు తీసుకొని
గోటితో గీరి, వాసన చూసి,
చాలాసేపటికి
"ఏ ఊరి మట్టి?" అన్నడు.