వాసు పెట్టె

అంబత్తూరు ఎస్టేటులో
పేరు రాయని నాలుగంతస్తుల మేడ.
బయట మే నెల, లోపల స్వెట్టరు.
రాత్రి పదింటికి నా పని మొదలు:
వరసల మధ్య నడవడం,
ఏ పెట్టె కాగుతోందో
జ్వరం చూసినట్టు అరచేత్తో చూడడం.

పదిహేడో రాక్, కింది నుంచి మూడో అర.
ఆ పెట్టె నుదుటిమీద
అంచులు ముడుచుకున్న పసుపు కాగితం, బాల్‌పెన్ను రాత:
"ఆపొద్దు. – వాసు"

ఎవరీ వాసు?
పగటి షిఫ్టు పుగళేందిని అడిగాను,
జీతాల సెక్షన్లో అడిగాను.
పుణె వెళ్ళాడేమో అన్నారొకరు.
ఆ వాసా, సన్నగా ఉండేవాడు, అన్నారింకొకరు.
అంతకుమించి మనిషి మిగల్లేదు.
పెట్టె మాత్రం తిరుగుతోంది.

లోపలికెళ్ళి చూశాను.
రాత్రి రెండు కొట్టగానే లేస్తుంది.
ఒక ఖాళీ ఫోల్డర్ని ఇంకో ఖాళీ ఫోల్డర్లోకి
ఒక్క సున్నా ఒలక్కుండా నకలు తీస్తుంది.
"పని విజయవంతంగా పూర్తయింది" అని
వాసుకి ఉత్తరం రాస్తుంది.
ఆ చిరునామా మూతపడి ఆరేళ్ళు.
ఉత్తరం తిరిగొస్తుంది.
తిరిగొచ్చినదాన్ని కూడా దాచుకుంటుంది.

నవ్వొచ్చింది.
కాసేపటికి ఆగిపోయింది.

టీ కప్పు మీద లెక్క వేశాను:
రోజుకి ఏడు యూనిట్లు,
చల్లబరచడానికి ఇంకో నాలుగు,
రెండు నెలలకి ఆరువందల అరవై.
వ్యాసర్పాడిలో మా ఇంట్లో నలుగురం,
ఒక ఫ్రిజ్జు, అత్తమ్మ కుట్టుమిషను.
బిల్లు రెండువందల పది దాటితే
మా ఆయన మీటరుతో పోట్లాడతాడు.

నీళ్ళు సరేసరి.
తెల్లారి నాలుగింటికి ట్యాంకరొస్తుంది ఇక్కడికి,
బిందెల వరస లేదు, జుట్లు పట్టుకోవడం లేదు,
గొట్టం తగిలించి తాగించి పోతుంది.
మా వీధికి లారీ మంగళవారం.
వచ్చే మంగళవారమని కాదు,
ఏదో ఒక మంగళవారం.

గేటు దగ్గరుండే ఏళుమలైది ఎన్నూరు.
వాళ్ళన్న వాగులో రొయ్యల వల వేస్తాడు.
"వలకి బూడిదంటితే రొయ్యకి తెలిసిపోతుందక్కా,
మనకే ఆలస్యం" అంటాడు.
ఆ పొగగొట్టాల కరెంటు ఎవరిదని
ఎన్నడూ అడగలేదు నేను.
కొంత వాసుదట.

మా పనిలో ఒక పద్ధతుంది, అరుపు పరీక్ష అంటాం:
ఎవరిదో తెలియనిదాన్ని ఆపెయ్,
ఎవరరుస్తారో చూడు.
మేనేజరు సంతకానికి పదకొండు రోజులు పట్టింది.
"ఉంటే ఏం పోయింది?" అన్నాడు.
పోయేది ఆయన కుర్చీలోంచి కనపడదు మరి.

గురువారం, రెండు కావడానికి రెండు నిమిషాలు.
బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టాలి.
ఆ నాలుగు సెకన్లలో
ముఖం తెలియని వాసు గుర్తొచ్చాడు.
రెండ్రోజుల సెలవే కదా అనుకుని
చెప్పుల్లో కాళ్ళు పెడుతూ రాసిన చీటీయేమో.
ఫ్యాను గొంతు సన్నబడింది, ఇంకా సన్నబడింది.
పక్క పెట్టెల హోరు
ఆ ఖాళీలోకి జరిగి కూర్చుంది.

ఒకరోజు. మూడు. పది.
ఎవరూ అరవలేదు.
ఒక రాత్రయితే, ఎవరైనా అరిస్తే బాగుణ్ణనిపించింది.

నెలకి ఊడదీశాం.
మెమరీ పలకలు రిచీ స్ట్రీట్‌లో కాజా భాయ్ దుకాణానికి వెళ్ళాయి,
ఏ ట్యూషన్ సెంటర్లోనో ఇంకో పదేళ్ళు బతుకుతాయట.
చీటీ నా టిఫిన్ సంచిలో ఉండిపోయింది.

బస్టాపులో ఫోను తీశాను.
పద్నాలుగు వేల ఫోటోలు.
ఒకే చేపల పులుసు ఆరుసార్లు,
మావాడి కాలు కదిలి మసకైనవి ఎన్నో.
ఏ ఊళ్ళోనో, ఏ చలిగదిలోనో
నాలాంటామె ఒకతె
వీటి నుదుటిమీద చెయ్యేసి చూస్తూంటుంది.
నలభై చెరిపేసరికి బస్సొచ్చింది.

"ఎంత మిగిలిందక్కా?" అన్నాడు ఏళుమలై మర్నాడు.
"ఒక పెట్టె."
"ఒకటేనా" అని, గేటు తీశాడు.

పద్దెనిమిదో రాక్, పై అర.
టేపు మీద లావుపాటి మార్కరుతో
"తాత్కాలికం" అనుంది.
తేదీ చెరిగిపోయింది.
అరచెయ్యి పెట్టి చూశాను.
కాగుతోంది.