వెంట్రుకవాసి

ఇనప పొట్టు ఊడ్చే పనికి చేరి
లెక్కల పుస్తకం దాకా వచ్చినదాన్ని.
ఆటోనగర్‌లో, దరియా హుస్సేన్ గారి లేత్ షెడ్డు.
లారీ కింగ్‌పిన్నులు, ట్రాక్టరు బుష్షులు,
ఎప్పుడైనా ఒక రైసుమిల్లు షాఫ్టు.

ఆ రోహిణి కార్తెలో విశాఖ నించి ఒకాయనొచ్చాడు.
జేబురుమాల్లో అరిగిన కంచు బుష్షు,
పిల్లాడి పాలపన్ను దాచినట్టు.
"డిస్ట్రాయర్‌ది" అన్నాడు.
"ఉప్పునీళ్ళు తోడే పంపులోది.
ఈ క్లాసులో ఓడలు ఐదు."

క్లాసంటే నాకు తెలిసింది ఎనిమిదోది. అక్కడే ఆగిపోయాను.
ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని చెప్పాడు:
ఒకే కాగితం మీద గీసిన అక్కచెల్లెళ్ళమ్మా,
పెద్దదాని పేరే అందరికీ ఇంటిపేరు.
పుట్టింది నల్లసముద్రం ఒడ్డున.
కన్న దేశం ముక్కలైంది.
ఆ కాగితం ఏ ముక్కలో ఉండిపోయిందో,
ఉత్తరం రాస్తే జవాబు రాదు.
ఇప్పుడు పెద్దదాన్ని రేవులో పడుకోబెట్టి
దాని ఒంట్లోవి తీసి చిన్నవాటికి పెడుతున్నారు.
"ఇదొక్కటే, అన్నింట్లోనూ అరిగిపోయింది."

పేరులో సముద్రం ఉంది గానీ
దరియా గారు సముద్రం చూడలేదు.
బందరు బస్సు గేటు ముందే ఆగుతుంది.
ఆదివారం కూడా ఎక్కలేదు.

అరిగిన చోట కాదు, అరగని అంచున కొలిచాడు.
"అరిగింది కొలిస్తే అరుగుడే వస్తది."
నాలుగు రోజులు. మూడు చేసి మూడూ పారేశాడు.
నాకు తేడా కనబడలేదు.
గడ్డంలోంచి ఒక తెల్ల వెంట్రుక పీకి
మైక్రోమీటర్లో బిగించి చూపించాడు.
"ఇందులో సగం."

బిల్లులో ఓడ అని రాయనివ్వలేదు.
బుష్షు, గన్‌మెటల్, రెండు.
ఒకటి వాడకానికి, ఒకటి దాపుకి.
అంచున చిన్న 'ద' పంచి కొట్టాడు.

పదకొండేళ్ళు.
స్క్రాపు లారీలోంచి దింపిన బస్తాలో
గ్రీజు కాగితం పొట్లం. విప్పనే లేదు ఎవరూ.
అంచున ద.

మొదటిది చివరిదాకా నిలిచిందో,
దానికన్నా ముందు ఓడే ఆగిపోయిందో,
పొట్లం చెప్పలేదు.
ఆయన కొలిచాడు. అదే కొలత.
తను చేసినదాన్ని తనే కాటా వేయించి
కిలో లెక్కన కొన్నాడు.

గేటు దగ్గర సలోమి చెరుకురసం మిషను
మూడు రోజులుగా కిర్రుమని ఏడుస్తోంది.
దాని ఇరుసు లావు. లోపల ఇంకొంచెం చెక్కాలి.
చక్కులో బిగించాడు. టూలు ఆనించాడు.
చాలాసేపు స్విచ్చి వెయ్యలేదు.
నేను పుస్తకంలోకి తల దించుకున్నాను.

సాయంత్రం రోలర్లు చప్పుడు లేకుండా తిరిగాయి.
నాకు సామెత నోటిదాకా వచ్చింది,
ఓడలు...
"ముందు రసం తాగు" అన్నాడు.
అల్లం ఎక్కువైంది.

ఆ రాత్రి లెక్కల్లో రాశాను:
బుష్షు, ఒకటి.
ముట్టింది: రెండు గ్లాసులు.