గొడుగు మూసిన చప్పుడు

"నిర్మాత ఈ నెల తప్పకుండా ఇస్తానన్నాడు" అన్నాను.
అల్మారాలోంచి టిక్, టిక్, టిక్.
ఇందుమతి వేలితో నేల తట్టి
"సత్యం, సత్యం, బల్లి పలికింది" అంది.

బల్లి కాదు.
ఇరవై రెండేళ్ళుగా చప్పుళ్ళమ్ముకు బతికేవాణ్ణి,
ఆ మాత్రం తెలుసు.
అది రెండో డిస్కు.
చదవబోయి, తోవ దొరక్క, మళ్ళీ మొదటికొచ్చి
అక్కడే కొట్టుకుంటోంది.

తెరమీద మీరు హీరోని చూస్తారు.
అతని చెప్పులు నేను.
విలన్ ఎముక విరిగితే అది ములక్కాడ.
మంచులో నడక, గుడ్డసంచీలో మొక్కజొన్న పిండి.
అన్నీ ఈ డబ్బాలోనే,
నాలుగు డిస్కుల్లో, ఒక్కోటి నాలుగు టీబీ,
ఇసకేస్తే రాలనంత కిక్కిరిసి.

రిచీ స్ట్రీట్‌లో నాలుగు కొత్తవి కొన్నాను,
ఒక్కోటి పన్నెండు.
నాలుగూ కలిపి ఒక స్కూటీ ఖరీదు.
ఆటోలో ఒళ్ళో పెట్టుకుని
గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగా అన్నా" అంటుంటే
అద్దంలో చూసి "ముట్టైయా సార్?" అన్నాడు.
గుడ్లే, నాలుగు, అన్నాను.

అన్నీ ఒకేసారి మార్చకూడదు.
ఒకటి తీసి ఒకటి పెట్టాలి.
మిగిలిన మూడూ తలా కొంత గుర్తు తెచ్చుకుని
వెళ్ళిపోయినదాని మాటలు
కొత్తదానికి అప్పజెప్పాలి.
పందొమ్మిది గంటలు.
ఆ మధ్యలో ఇంకొకటి తడబడితే
అందించేవాళ్ళుండరు.

సాలిగ్రామం, ఏప్రిల్ చివర.
ఏసీ గది డబ్బాకిచ్చి మేం హాల్లో పడుకున్నాం.
మెడకి తడిగుడ్డ చుట్టుకుని
"దానికేమన్నా పురుడా?" అంది ఇందుమతి.
పదకొండింటికి కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంటుంటే
యాభై రెండు శాతం దగ్గర నా ప్రాణం.

మూడింటికి, డెబ్బై మూడు దగ్గర,
మూడో డిస్కు తడబడింది.
ఒక్కచోటే. పోయింది ఒక్క ఫైలే.
పేరు చూశాను:
గొడుగు మూత, కోదండం, రెండు.

కోదండం మాస్టారు నాకు నడక నేర్పినాయన.
"మడమ అబద్ధమాడుద్దిరా, వేళ్ళు దిద్దుకుంటాయి" అనేవాడు.
ఆ గొడుగు ఆయనదే. ఒక ఊచ విరిగింది.
వానలోంచి అరుగెక్కిన తండ్రి
మూసి, రెండుసార్లు విదిలించే గొడుగు.
చివర్లో, కత్తిరించడం మర్చిపోయిన చిన్న దగ్గు.
ఆ దగ్గు నిజంగా ఉండేదా,
నేనే కలుపుకుంటున్నానా,
ఇప్పుడు విని చూడ్డానికి లేదు.

మైకు పెట్టి, ఫ్యాను ఆపి, మా గొడుగు మూశాను.
నైలాను, బటనుది. తుస్సుమంది.
కిందికెళ్ళి వాచ్‌మన్ కాత్తవరాయన్‌ని లేపి అతనిది అడిగాను.
ఎందుకని అడగలేదు.
ఈ వీధిలో సినిమావాళ్ళనెవరూ కారణాలడగరు.
బాత్రూములో తడిపి,
మూసి, రెండుసార్లు విదిలించి,
దగ్గబోయి ఆగాను.
అది నా దగ్గు అవుతుంది కదా.

తెల్లారి గొడుగు తిరిగిచ్చేస్తే
కారుతున్న చుక్కల్నీ
మిటమిటలాడుతున్న ఆకాశాన్నీ
మార్చి మార్చి చూశాడు.

మూడు కొత్తవి పెట్టాక కూడా
డబ్బా పాత లెక్కే చెప్పింది.
అందరిలోకీ పొట్టివాడి ఎత్తే దానికి కొలత.
నాలుగోది చేరాక, ఐదోరోజు,
గోడ జరిగినట్టు
ఇరవై నాలుగు టీబీ ఖాళీ.
అంత ఖాళీలో మొదట దాచింది
పది సెకన్ల గొడుగు.
పేరు: కాత్తవరాయన్, ఒకటి.

కొత్తవాటి గొంతు వేరు.
దూరాన ఎవరో వడ్లు దంచుతున్నట్టు లోతుగా.
"పదో తారీఖుకి ఇస్తానన్నాడు" అన్నాను.
ఇందుమతి వేలు నేలమీద పెట్టి
అల్మారా వైపు చెవొగ్గింది.
చాలాసేపు అలాగే ఉంది.
అటునుంచి సత్యమనీ లేదు,
అబద్ధమనీ లేదు.