వెయ్యి రూపాయల పద్దు

మార్చి నెలాఖరు. పరకాల సబ్ ట్రెజరీ.
గోడ మీది టీవీకి గొంతు పోయి ఏడాదైంది,
దాన్ని బాగు చేయించడానికి పద్దు లేదు.
తెర మీద సభ. కింద పాకుతున్న అక్షరాలు
మిగిలిన పద్దులన్నీ ఒక్క ఊపులో
మూజువాణి ఓటుతో ఆమోదం అంటున్నాయి.
నోళ్లు తెరుచుకోవడం కనిపించింది.
అవునన్నారో కాదన్నారో
మాకు వినపడలేదు.

తర్వాత వచ్చేది నాకు కంఠతా:
ద్రవ్య వినిమయ బిల్లు.
రాష్ట్ర సంచిత నిధి నుండి, సేవల నిమిత్తము,
దిగువ షెడ్యూలులో చూపిన మొత్తములకు మించకుండా...
ఇరవై ఆరేళ్లుగా చదువుతున్నాను,
ఊపిరి తిప్పుకోవడానికి చోటివ్వని వాక్యం.
అది గడప దాటితే తప్ప
గవర్నరు గారి కారులో డీజిలు పడదు,
జైల్లో పప్పు ఉడకదు,
నా జీతం నాకు రాదు.

కౌంటరు అవతల ఓదెలు.
మల్లక్కకుంట నీరటి.
ఆ తూము అతని చేతిది, అతని నాయిన చేతిది,
అంతకు ముందు ఎవరిదో.
చెప్పులు బయటే విడిచొచ్చాడు.
"సారూ, నా తూము పైసలు ఈసారన్న అచ్చినయా?"

పుస్తకం తీశాను. ఇటుకంత బరువు.
అంకెలు వేలల్లో అని పైన చిన్నగా ఉంటుంది.
మల్లక్కకుంట తూము మరమ్మతు: 1.
"ఒకటా?"
"ఒక వెయ్యి."
"షట్టరు బోల్టులకు గూడ రాదు గద."
"ఖర్చుకు కాదు ఓదెలూ, పద్దు చావకుండా పెట్టింది."
కాసేపు ఆలోచించాడు.
"పొయ్యిల నిప్పారకుంట బూడిద కప్పినట్టు."
"గట్లనే."
"ఎన్నేండ్ల సంది కప్పిండ్రు?"

పాత సంపుటాలు దించాను, దుమ్ముకు తుమ్మాను.
నిరుడు 1. ముందటేడు 1.
ఆ ముందటేడు నలభై లక్షలు,
పక్కన ఖర్చు గడిలో సున్నా.
"మురిగిపోయినయి" అన్నాను. మా ఆఫీసు మాట.
ఓదెలు నవ్వాడు.
"నిలవడ్డ నీళ్లు మురుగుతయ్ సారూ. పైసలు గూడనా?"

చెప్పాలనిపించింది, చెప్పాను:
చట్టం ఖర్చు పెట్టొచ్చు అంటుంది,
పెట్టు అనదు.
గీత గీసి ఇది దాటొద్దంటుంది,
గీత దాకా రమ్మనదు.

"మా దాంట్ల గట్ల లేదు" అన్నాడు.
"ఆయకట్టోళ్లు కట్ట మీద కూసుంటరు.
ఎవలి మడికి ఎన్ని గడియలో ఆడ్నే మాట.
మాటయినంక నేను తూము ఎత్తకుంటే
సాంబలక్ష్మి మడిలకెల్లి తిట్టుకుంటనే అస్తది.
మీ కాడ తిట్టెటోళ్లు ఎవలు?"

ఆడిట్ వాళ్లున్నారు. మూడేళ్లకొకసారి వస్తారు.
ఎక్కువైతే ఎందుకని అడుగుతారు.
తక్కువైతే మిగులు అని రాసుకుంటారు.
ఇది మాత్రం చెప్పలేదు.

జేబులోంచి బీడీకట్ట కాగితం తీశాడు.
"గా పద్దు నంబరు రాసియ్యి."
రాశాను. పొడుగు నంబరు,
మేజరు హెడ్డు, మైనరు హెడ్డు,
చివరన ఎక్కడో అతని తూము.
ఎడ్ల పేర్లు పలికినట్టు
ఒక్కో అంకె నోట్లో అనుకుంటూ మెట్లు దిగాడు.

ఐదు దాటాక సర్వరు పడుకుంది.
తెర మీద బిల్లు నెగ్గింది. బల్లలు చరిచారు,
ఆ చప్పుడూ మా దాకా రాలేదు.
రేపు ఒకటో తారీఖు, కొత్త లెడ్జరు.

షట్టరు సందులో ఇప్పుడేముందో
పోతూ పోతూ ఓదెలే చెప్పాడు:
ఇసుక సంచులు మూడు,
సాంబలక్ష్మి పాత చీర ఒకటి.
ఏ షెడ్యూలుకూ ఎక్కని మొత్తం,
ఎవరూ అవునన్నది లేదు, మంజూరైపోయింది.
చీర సగం నీళ్లను ఆపుతుందట.
మిగతా సగానికి
నంబరుంది.