బురద ఆరేలోపు

మంగళ, గురు, శనివారాలు
సండర్లాండ్ ఆసుపత్రి, ఆరో నంబరు కుర్చీ.
కిటికీలోంచి కనబడదు గానీ
వేర్ నది ఎక్కడో సముద్రంలో కలుస్తుంటుంది.
ఇక్కడ నా రక్తం
సన్నటి గొట్టంలో ఊరంతా తిరిగి
నాలుగు గంటలకు ఇల్లు చేరుతుంది.

ఆదివారం కూటంలో సువార్తమ్మ గారు
నా చెయ్యి పట్టుకుని
"దీని వెనక దేవుని ఉద్దేశం ఉంది బ్రదర్" అన్నారు.
చెయ్యి వదిలాక
శానిటైజర్ రాసుకున్నారు.
నేను తప్పు పట్టలేదు.
ఒకప్పుడు నేనూ అదే చెప్పేవాణ్ణి,
డెబ్బై మందికి, మైకు పట్టుకుని,
కిడ్నీలు రెండూ చక్కగా పనిచేస్తున్న రోజుల్లో.

రాత్రుళ్ళు లెక్కలు వేస్తాను.
ఏ పాపానికి ఎన్ని మిల్లీలీటర్లు?
రోజుకి లీటరు దాటి నీళ్ళు తాగకూడని మనిషికి
జీవజలాల పాట నోట్లో ఎలా తిరుగుతుంది?
దేవుడు జవాబివ్వడు.
ఫ్రిజ్ మాత్రం గుర్రుమంటుంది.

పక్క కుర్చీ డోరీన్‌ది.
ఎనభై ఒకటి. ఓడలు కట్టినవాడి పెళ్ళాం.
గుడి గుమ్మం రెండేసార్లు తొక్కింది:
పెళ్ళికి,
అతణ్ణి పెట్టెలో మోసుకొచ్చిన రోజు.
మొన్న శనివారం నా బీపీ పడిపోయింది.
కళ్ళ ముందు మసక, చెవుల్లో హోరు,
సూదులున్న చెయ్యి కదపకూడదు,
ప్రార్థనకు ఒక్క మాటా దొరకలేదు.
"ఇటు చూడు నాయనా" అంటూ
తన సూదుల్లేని చెయ్యి చాపింది.
నర్సు వచ్చేదాకా వదల్లేదు.
చల్లటి చెయ్యి, తడి ఉన్ని వాసన.
ఆమెకు ఏ ఉద్దేశాలూ తెలియవు.
పోతూ పోతూ ఒక పిప్పర్‌మెంటు బిళ్ళ
నా గుప్పిట్లో పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చాడు
కళ్ళకు బురద పూయించుకున్నవాడు.
చూపొచ్చిన సంగతే ప్రసంగించేవాణ్ణి ఎప్పుడూ.
ముందు కోనేటి దాకా నడవాలి కదా,
ఉన్న చీకటి మీద మరో పొర చీకటితో,
గోడలు తడుముకుంటూ,
చెంపల మీద బురద ఆరి బిగుసుకుంటుంటే.
పూసినవాడు వెంట రాలేదు.
ఎవరు చెయ్యి పట్టి నడిపించారో
ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడా దారిలో ఉన్నాను ప్రభువా.
కోనేరు ఎంత దూరమని అడగను.
ఈ బురద నీదేనా,
అదొక్కటి చెప్పు.
చెప్పకపోయినా
మంగళవారం ఆరున్నర బస్సెక్కుతాను.
డోరీన్‌కి ఒక బిళ్ళ బాకీ ఉన్నాను.