కొన్నోళ్లం

మార్కాపురం స్టేషను రోడ్డులో
నా జెరాక్సు కొట్టు పైన రేకుల గది.
ఆదివారం మూడింటికి మెట్లెక్కుతాం,
అందరికంటే ముందు ఖాసింబీ, చివర జక్కరయ్య.
మూడు మెట్లకోసారి ఆగి దగ్గుతాడు.
పలకల ఫ్యాక్టరీ ముప్పై ఏళ్లు
అతని రొమ్ములో అరిగిన చప్పుడది.

అక్కడ మేం లువీనియాని చదువుతాం.

ఎవరామె అంటారా,
చాన్నాళ్లు మాకూ తెలీదు.
ఒంగోల్లో పాత కాగితాలు తూకానికి అమ్మేచోట
కిలో ఇరవై రెండుకి ఏలియా సారు తెచ్చిన కట్టలో
టైపింగు పరీక్ష పుస్తకాల నడుమ
అట్ట లేని అరవై పేజీలు.
చివర్న చిన్నగా: మూడు వందల ప్రతులు.
ఎక్కడో సముద్రాల అవతల ఒక పత్తి ఊళ్లో
నల్లజాతి మనిషి ఒకామె
పగలు పరుల బట్టలుతికి రాత్రి రాసుకున్నవి.
ఏ జాబితాలోనూ ఆ పేరు లేదు.

మొదటి పద్యం తెలుగులోకి తేవడానికి
నాలుగు ఆదివారాలు పట్టింది.
పగిలిన పత్తికాయ మొన గోటి కింద చేసే పనికి
సారు "గుచ్చుకొనుట" అని పెట్టాడు.
అక్షరం ముక్క రాని పిచ్చమ్మ,
టీ ఇచ్చి పోదామని వచ్చింది,
"గుచ్చుకోడం కాదయ్యా, చీరుద్ది.
సాయంత్రం కూట్లో కారం తగిలినప్పుడు గదా తెలిసేది" అంది.
అట్టాగే మార్చాం.
తర్వాతి పాదం విప్పితే
అక్కడ లువీనియా ఉప్పు గురించి రాసుంది.

నలుపు అనే మాట దగ్గర ఆగిపోయాం.
రిటైరైన తాసిల్దారు ఒకాయన, మంచివాడే,
నవ్వుతా అన్నాడు:
"నలుపు నారాయణుడు మెచ్చు అంటారు గదా!"
ఫ్యాను మాత్రం తిరిగింది.
ఖాసింబీ కళ్లజోడు కొంగుకి తుడుచుకుని
"మెచ్చాడు సరే,
కొన్నాడా?" అంది.

మా లెక్కల పుస్తకం అక్కడ మొదలైంది.
నెలకి తలా యాభై, పిచ్చమ్మ ఇరవై
("టీ నాదే గదా" అని తనే తగ్గించుకుంది).
కాగితం నా కొట్లో అసలు ధరకి.
మైదా జిగురుతో రెండొందల పుస్తకాలు కట్టి
పొదిలి, కనిగిరి, గిద్దలూరు
బడి గేట్ల దగ్గర నిలబడి అమ్మాం.
ఒక్కటీ ఊరికే ఇవ్వలేదు.
ఊరికే తీసుకోవడం
ఆమెకి బతుకంతా జరిగిందే.

ఎట్టాగో మనవరాలి చిరునామా దొరికి
అనుమతి అడుగుతూ సారు ఉత్తరం రాశాడు.
జవాబు రెండు ముక్కలు:
ఇంతవరకు ఎవరూ అడగలేదు.
అమ్మమ్మ పుస్తకం నా దగ్గరా లేదు.

అసలుది ఆమెకే పంపేశాం.
మాకు జెరాక్సు ఉంది.
దాంతోపాటు తెలుగుది కూడా వెళ్లింది.
ఇందులో పేరెక్కడుందో చూపించమని ఫోటో అడిగితే
ఖాసింబీ అట్ట మీద వేలు పెట్టి నిలబడింది.
గోరింటాకు పండిన ఆ గోటి పక్కన
లువీనియా.

నాలుగు వేల నూట నలభై రూపాయలు
దేశం దాటించడానికి బ్యాంకులో ఫారం మీద ఫారం.
అద్దం వెనక గుమాస్తా:
"ఆమె మీకేమవుద్ది?"
చుట్టం కాదు. అప్పు కాదు. దానమని రాద్దామా అని
నేను ఖాసింబీ మొహం చూసి కలం ఎత్తేశా.
"కొన్నోళ్లం," అంది. "రాసుకో."

చిన్నప్పుడు పలకకి బొగ్గూ దొండాకూ రుద్దేవాళ్లం,
నలుపు తేలితేనే అక్షరం నిలబడేది.
ఆ పలకలు కోసినోడు జక్కరయ్య.
ఫ్యాక్టరీ బిల్లుల వెనక అతనూ ఏవో రాస్తాడని
వాళ్లావిడ నాతో ఒకసారి అంది, ఊరికే.
అడిగితే తల అడ్డంగా ఊపుతాడు.
"ముందు ఆమె రెండో అచ్చు కానీ."

నిన్న ప్రూఫులు దిద్ది ఇచ్చాడు.
నలభయ్యో పేజీ దగ్గర
మడత పెట్టిన బిల్లు ఒకటి.
మర్చిపోయాడో, పెట్టాడో.
వెనక్కి తిప్పలేదు నేనింకా.
ముందు
వెల అడగాలి.